పిల్లల నడకకు ఇంకో ఇల్లు తోడుండాలి

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతుంటే మా వీధిలోనూ పిల్లల బడి గేటు దగ్గరా అందరూ అడిగేది ఒకటే. "ఈసారి ఎటు వెళ్తున్నారు?" శాలిహుండమా, బారువా, తాటిపూడా, సీతంపేట కొండలా అని ఊళ్ళ పేర్లు వరసగా అడుగుతారు. ఎవరితో వెళ్తున్నారని మాత్రం ఒక్కరూ అడగరు. ఐదేళ్ళ పిల్లాణ్ణీ ఎనిమిదేళ్ళ పిల్లనీ వెంటబెట్టుకుని, భుజాన బ్యాగులు తగిలించుకుని, బస్సు దిగిన దగ్గర్నుంచి నడిచే ప్రయాణాలు మేం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేస్తుంటాం. ఆ అనుభవంతో నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఊరి సంగతి తర్వాత చూసుకోవచ్చు, తోడు వచ్చే కుటుంబం ఏదో ముందు తేలాలి. అది కుదిరితే పొలం గట్టు మీద నడిచినా పిల్లలకి పండగే. కుదరకపోతే ఎంత గొప్ప చోటికి వెళ్ళొచ్చినా రెండిళ్ళ మధ్య మాటలుండవు.

మేం చేసేది పెద్ద సాహసమేమీ కాదు. ఆర్టీసీ బస్సో పలాస ప్యాసింజరో ఎక్కుతాం. ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు. కావలసినవన్నీ మా వీపుల మీదే ఉంటాయి. రోజుకి నాలుగైదు కిలోమీటర్లకి మించి నడవం. తెలిసినవాళ్ళ ఇంటి అరుగు మీదో, గుడి సత్రంలోనో, ఎవరిదో కొబ్బరితోటలో ఉన్న పెంకుటింట్లోనో పడుకుంటాం. కారు మాత్రం తీసుకెళ్ళం. కారు వెనకే వస్తుంటే పిల్లలు "కాళ్ళు నొప్పి" అనగానే తలుపు తెరుచుకుంటుంది, ఇక అక్కడితో నడక అయిపోతుంది.

మాతో వచ్చేది మావారి చిన్ననాటి స్నేహితుడి కుటుంబం. విజయనగరంలో ఉంటారు. మాకంటే పెద్దవాళ్ళు కాబట్టి ఆవిణ్ణి నేను అక్కా అంటాను, ఆయన్ని బావగారూ అంటాను. మా పిల్లలకి వాళ్ళు పెద్దమ్మ, పెదనాన్న. వాళ్ళ పిల్లలకి నేను పిన్నిని. వాళ్ళ పాపకి పదేళ్ళు, బాబుకి ఆరు. రక్తసంబంధం లేదు. ఈ వరసలన్నీ నడిచి నడిచి స్థిరపడినవే.

కన్నవాళ్ళు చెప్తే పిల్లలు నడవరు. ఇది నా మొదటి వాదన. శాలిహుండం కొండకి మొదటిసారి వెళ్ళినప్పుడు మావాడికి నాలుగేళ్ళు. వంశధారకి దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ కొండ పెద్దవాళ్ళకి ఒక లెక్కలోది కాదు. వాడు మాత్రం కింద చెట్టు నీడలో కూలబడ్డాడు. బిస్కట్ ఇస్తానన్నాను, ఎత్తుకుంటానన్నాను, కోప్పడ్డాను కూడా. కదల్లేదు. వాళ్ళ పాప వెనక్కి వచ్చి నన్ను పట్టించుకోకుండా వాడి ముందు కూర్చుంది. "ఒరే, దారిలో చీమల పుట్టలు ఎన్నున్నాయో పైకెళ్ళాక నాకు చెప్పాలి. నాకు తీరిక లేదు, నువ్వే లెక్కపెట్టు" అంది. అని వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. వాడు లేచాడు. పది దాకా వచ్చు వాడికి, ఆ తర్వాత రాదు. అందుకని పదో పుట్ట దాటాక కనిపించిన ప్రతి పుట్టకీ "పది, ఇంకో పది, ఇంకో పది" అనుకుంటూ, వంగి చేత్తో చూపించుకుంటూ కొండ మీది దాకా వచ్చేశాడు. ఎంత బతిమాలినా నేను చేయించలేని పని అది. అమ్మ చెప్తే అది అమ్మ అవసరం. తోటి పిల్ల అప్పగిస్తే వాడి బాధ్యత.

ఇంకో సంగతి కూడా అదే కొండ మీద చూశాను. పైన గుండ్రటి ఇటుక కట్టడాలు, బౌద్ధ స్తూపాల పునాదులు ఉన్నాయి. మా పెద్దది ఇంట్లో నేను ఏం చెప్పినా "తెలుసులే అమ్మా" అనే రకం. బావగారు దాన్ని పిలిచి, "ఈ ఇటుక మీద చెయ్యి పెట్టు తల్లీ, మన ఇంటి ఇటుకకీ దీనికీ తేడా చెప్పు" అన్నారు. అది జానతో కొలిచింది. మన ఇటుక కంటే ఎంత పెద్దదో చెప్పింది. ఈ చోటుని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి గారని ఆయన చెప్పగానే "ఆగస్టు 29న మా బళ్ళో ఫొటోకి దండేస్తారు, ఆ తాతగారా?" అని దాని కళ్ళు పెద్దవయ్యాయి. ఆ తాతగారే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని తపించిన మనిషి. దిగేదాకా ఆ పిల్ల ఆయన్ని వదల్లేదు. ఆ ముక్కలన్నీ నాకూ తెలుసు. నేను చెప్తే పాఠం అయ్యేది.

మన ఇళ్ళల్లో ఒకప్పుడు ఈ పని బాబాయిలు, మేనమామలు, పక్కింటి తాతలు చేసేవారు. ఇప్పుడు పట్నంలో నలుగురం మాత్రమే ఉండే ఇంట్లో పిల్లలకి తెలిసిన పెద్దవాళ్ళు అమ్మ, నాన్న, టీచరు. ముగ్గురూ ఏదో ఒకటి నేర్పాలని చూసేవాళ్ళే. నేర్పాలన్న తొందర లేకుండా, రాత్రీ పగలూ పక్కనుండే పెద్దమనిషి ఒకరు దొరకడం ఈ కాలపు పిల్లలకి చాలా అరుదు. ఇంట్లో భోజనానికి పిలిస్తే ఈ చనువు రాదు. భోజనాల దగ్గర పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడుకుంటారు, పిల్లలు ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి పోతారు. నడుస్తున్నప్పుడు ఎవరి పక్కన ఎవరు పడతారో తెలియదు. అందరి చేతులూ ఖాళీగా ఉంటాయి, ఎదురుగా టీవీ ఉండదు.

"ఇంత చిన్న గుంటలకి ఏం గుర్తుంటాదమ్మా, ఎందుకా కష్టం?" అని మా అత్తగారు అంటారు. ఆవిడ ప్రేమతోనే అంటారు. నిజమే, నాలుగేళ్ళప్పుడు చూసిన స్తూపం వాడికి గుర్తుండదు. నాలుగేళ్ళప్పుడు తిన్న అన్నం కూడా గుర్తుండదు కదా, ఒంటికి పట్టకుండా పోయిందా? చీకట్లో దొడ్లోకి వెళ్ళాల్సి వస్తే టార్చి పట్టుకుని ఇంకొకర్ని లేపడం, పెట్టింది తినడం, తనవి కాని దుప్పట్లలో నిద్రపోవడం, దాహం వేసినా తన వంతు వచ్చేదాకా ఆగడం మావాడికి వచ్చాయి. ఇవి మాటలతో వచ్చేవి కావు. అయినా మా అత్తగారే చిన్నప్పుడు శివరాత్రి తర్వాత ముఖలింగం చక్రతీర్థ స్నానానికి సద్దిమూటతో, తండ్రి భుజాల మీద వెళ్ళినావిడ. వాళ్ళ వీధి వీధంతా కలిసి నడిచేవారట. సీతంపేట సంతకి సవర తల్లులు చంటిపిల్లల్ని వీపున గుడ్డలో కట్టుకుని ఇప్పటికీ కొండ దిగుతారు. ఒక్కరు దిగరు, గూడెంలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసే దిగుతారు. పిల్లలతో దూరం నడవాల్సి వచ్చినవాళ్ళు ఎప్పుడూ గుంపుగానే నడిచారు. సరదా కోసం నడిచే మనం మాత్రం ఒక్క ఇల్లే వెళ్ళాలనుకుంటున్నాం.

"పెద్దయ్యాక తీసుకెళ్దాంలే" అనేవాళ్ళకి నా జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. పెద్దయ్యాక వాళ్ళు మీకు దొరకరు. మన దగ్గర ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలు. ఆదివారం టెస్టు, సెలవుల్లో బ్రిడ్జి కోర్సు. పిల్ల చెయ్యి మన చేతిలో ఉండేది నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ దాకా. ఆ కాలమంతా "చిన్నపిల్లలు కదా" అని ఇంట్లో కూర్చోబెట్టి, ఆ తర్వాత "చదువులు కదా" అని ఇంట్లో కూర్చోబెడితే ఇక మిగిలేదేముంది?

సరే, ఏ కుటుంబాన్ని ఎంచుకోవాలి? స్నేహం ఉంటే చాలదు. బయల్దేరే ముందు కొన్ని మాటలు పైకి అనుకోవాలి. మొహమాటానికి మనసులో దాచుకుంటే దారిలో పుండవుతాయి.

అన్నిటికన్నా ముందు అనుకోవలసింది వెనక్కి తిరగడం గురించి. మా రెండిళ్ళ మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం, నలుగురు పెద్దవాళ్ళలో ఏ ఒక్కరు "వద్దు, వెనక్కి వెళ్దాం" అన్నా అందరం తిరగాలి. కారణం అడగకూడదు. వాదన ఉంటే ఇంటికెళ్ళాక చేసుకోవాలి. ఒక నవంబరులో కొండల కింద ఒక గెడ్డ దాటాల్సి వచ్చింది. నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి గానీ ఎర్రగా ఉన్నాయి. పై కొండల్లో ఎక్కడో వాన పడిందన్నమాట. బావగారు కాలేజీ రోజుల్లో అదే గెడ్డని ఎన్నోసార్లు దాటారు. అక్క నీళ్ళ వైపు చూసి "నాకు నచ్చలేదు" అంది. అంతే, వెనక్కి తిరిగాం. బస్టాపు పక్కన పాకలో ఇడ్లీలు తిని ఇంటికొచ్చాం. ఆ తర్వాత నీళ్ళు పెరిగాయో లేదో మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ప్రయత్నించలేదు. పెరిగితేనే ఆవిడ మాట సరైనదని తేలుతుందనుకుంటే ఇంకోసారి ఎవరూ ఆ మాట అనే ధైర్యం చెయ్యరు.

రెండోది కోప్పడే హక్కు. "మా పిల్లల్ని మీరు కోప్పడొచ్చు" అని మేం ఒకరికొకరం నోరు తెరిచి చెప్పుకున్నాం. కొట్టడం ఎవరి పిల్లల్నీ ఎవరూ చెయ్యకూడదు. నీళ్ళ దగ్గర, రోడ్డు దగ్గర, నిప్పు దగ్గర ఎవరు దగ్గరుంటే వాళ్ళే తల్లీ తండ్రీ. మావాడు వలల తాళ్ళ మీద ఎగురుతుంటే అక్క గట్టిగా అరిచింది. వాడు ఏడుస్తూ నా దగ్గరికొచ్చాడు. "పెద్దమ్మ సరిగ్గానే చెప్పింది" అన్నాను. ఆ ఒక్క మాట దగ్గర తల్లి తడబడితే అంతా పోతుంది. మన పిల్లాణ్ణి ఇంకొకరు కోప్పడగానే కడుపులో ఏదో కదులుతుంది, కాదనను. ఆ కదలికని దాటలేని స్నేహంతో నడకకి వెళ్ళకండి, సినిమాకి వెళ్ళండి.

పిల్లల్ని పోల్చడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మొదట్లో మాతో ఇంకో కుటుంబం వచ్చేది. మంచివాళ్ళు, చేతికి ఎముక లేని మనుషులు. కానీ దారి పొడుగునా "చూడు, మావాడు ఎలా నడుస్తున్నాడో! మీ అమ్మాయికి ఇంకా ఎత్తుకోవాలా?" అనేవారు. వాళ్ళ దృష్టిలో అది సరదా. మా పెద్దది ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది. పాదం మీద బొబ్బ లేచిందని కూడా చెప్పలేదు, సాక్సు విప్పితే నేను చూశాను. వాళ్ళతో ఇప్పటికీ పేరంటాలకీ పెళ్ళిళ్ళకీ రాకపోకలున్నాయి. నడకకి మాత్రం పిలవం. బొబ్బ వచ్చిందని చెప్పుకోలేని పిల్ల ఏ కొండ మీదా క్షేమంగా ఉండదు.

మూడోది తిండి, అంటే ఆడవాళ్ళ చాకిరీ. మన కుటుంబ ప్రయాణాల్లో మగవాళ్ళు మ్యాపు చూసుకుంటూ ముందు నడుస్తారు. ఆడవాళ్ళు టిఫిన్ క్యారేజీలూ, మురికి బట్టల సంచీ, నిద్రొచ్చిన పిల్లా పట్టుకుని వెనక నడుస్తారు. చేరగానే పొయ్యి వెలిగించేదీ వాళ్ళే. అక్క ఒకసారి అరుగు మీద కూర్చుని, "ఇంట్లో వండే అన్నమే ఇక్కడికొచ్చి పొగలో వండడానికైతే నేను రాను" అని చెప్పేసింది. న్యాయమైన మాట. ఆ రోజు నుంచి దారిలో వంట మగవాళ్ళదే. పొద్దున్న అటుకుల్లో బెల్లం, కొబ్బరి, అరటిపండు. దారికి మురీలు, వేరుశెనగలు, ముందురోజే ఉడికించిన చిలగడదుంపలు. చోడి (రాగి) పిండి ఉంటే వేడినీళ్ళలో కలిపి చిటికెడు ఉప్పు వేస్తే అంబలి. రాత్రికి ఒక్క గిన్నెలో బియ్యం, పెసరపప్పు కలిపి వండేస్తారు. మావారి పొంగలి ఒకోసారి అడుగంటుతుంది. పిల్లలు ఆ మాడు కోసం కొట్టుకుంటారు. నాన్న గిన్నె తోముతుంటే పక్కన నిలబడి ఇసుక అందించే నా కొడుకుని చూస్తే, వీడి కాబోయే ఇల్లు కొంచెం మెరుగ్గా ఉంటుందని నమ్మకం కలుగుతుంది.

బస ఎక్కడో నిర్ణయించేది కూడా అక్కా నేనే. మరుగుదొడ్డి ఉందా, దానికి లోపలి నుంచి గడియ పడుతుందా అన్నది మొదటి ప్రశ్న. సూర్యోదయం బాగా కనిపిస్తుందా అన్నది ఆ తర్వాతది. పదేళ్ళ ఆడపిల్లని వెంటబెట్టుకున్నప్పుడు దీని మీద బేరం లేదు. డబ్బులు ఒకే పర్సులో చెరి సగం వేసి అందులోంచే ఖర్చుపెడతాం. ఒక్క ఫోన్ ఆన్‌లో ఉంటుంది, మిగతావి బ్యాగుల్లోకి పోతాయి. ఈ రెంటి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

రెండిళ్ళు చాలు. మూడైతే ఎక్కువ. నాలుగైతే కార్తీక వనభోజనాలే. వనభోజనాలు నాకూ ఇష్టమే, ఉసిరి చెట్టు కింద అరిటాకుల్లో తినడానికి మించిన సుఖం లేదు. కానీ అక్కడ పిల్లలు పిల్లల గుంపులో, పెద్దలు పెద్దల గుంపులో చేరిపోతారు. ఎవరి పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నీటి దగ్గర ప్రమాదాలు ఎక్కువగా అలాంటప్పుడే జరుగుతాయి. అందరూ ఉన్నారు కదా అని ఎవరూ చూడరు.

ప్రమాదాల గురించి నేను కఠినంగానే మాట్లాడతాను. పిల్లల్ని తీసుకెళ్ళమని చెప్పే నోటితోనే ఇది కూడా చెప్పాలి.

దసరా సెలవుల్లో కోస్తా వైపు వెళ్ళకండి. సెలవులు పొడుగ్గా ఉంటాయి, వరి పచ్చగా ఉంటుంది, మనసు లాగుతుంది. కానీ ఫైలిన్ తుఫాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడూ అదే వారంలో వచ్చాయి. కార్తీకం సగం గడిచాక మొదలుపెట్టి శివరాత్రికి ఆపేస్తే మంచిది. ఎండ ముదరకముందే, పొద్దున్న పదింటిలోపు నడక ముగించాలి.

వంశధార, నాగావళి వేసవికి దగ్గరపడేకొద్దీ పిల్లకాలవల్లా కనిపిస్తాయి. చూసి మోసపోకండి. ఇసుక తవ్విన గోతులు నీళ్ళ కింద ఉంటాయి. చీలమండ లోతు నీళ్ళలో నడుస్తున్న పెద్దమనిషే ఒక్క అడుగులో మునిగిపోతాడు. ఆ ఊరి మనిషి ముందు నడిస్తే తప్ప ఏటిలో దిగనివ్వం. సముద్రంలో అసలు దిగనివ్వం. కళింగపట్నం దగ్గర వంశధార కలిసేచోటూ, బారువ దగ్గర మహేంద్రతనయ కలిసేచోటూ చూడటానికి ఎంత అందంగా ఉంటాయో అంత ప్రమాదం. "ఇక్కడ దిగొద్దమ్మా, లోనకి గుంజేస్తాది" అని వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకాయన మాతో అన్నాడు. ఆ మాటకి మించిన హెచ్చరిక బోర్డు అక్కర్లేదు.

నేల మీద పడుకునేటప్పుడు దోమతెర తప్పనిసరి. అంచులు చాప కిందకి దోపాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. దోపిన దోమతెర దోమనీ ఆపుతుంది, దాన్నీ ఆపుతుంది. కాటు పడితే కోయకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, మంత్రం కోసం ఆగకూడదు. ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేసి, పాము విషానికి మందున్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే కనుక్కోవాలి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే పొదల్లో, గడ్డిలో తిరిగామని డాక్టరుకి చెప్పాలి. చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర నల్లటి పెచ్చు ఉందేమో చూడాలి. స్క్రబ్ టైఫస్ అయితే ఆ పెచ్చు వల్లే త్వరగా తెలుస్తుంది. సీతంపేట, కురుపాం వైపు ఏనుగులు తిరుగుతున్నాయని వింటే ఆ ప్రయాణం మానేస్తాం. చూసొద్దాం అనే మాటే లేదు.

మహేంద్రగిరి గురించి చాలామంది అడుగుతారు. మన మందస పక్కనే కనిపిస్తుంది గానీ కొండ ఒడిశా గజపతి జిల్లాలోది, ఎత్తు 1501 మీటర్లు. పైన భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి. ఐదేళ్ళ పిల్లని అక్కడిదాకా నడిపించి శిఖరం మీద ఫొటో తీసి పెట్టేవాళ్ళని చూశాను. ఆ ఫొటోలో పిల్ల మొహం చూడండి, తెలుస్తుంది. అది పెద్దవాళ్ళ ఎక్కుడు, పిల్లది కాదు. మా వాళ్ళకి పదేళ్ళు నిండాక వాళ్ళే అడిగితే అప్పుడు చూస్తాం. ఎంత దూరం నడవాలో నిర్ణయించేవి అందరిలోకీ చిన్నకాళ్ళే.

ఆ చిన్నకాళ్ళ వాళ్ళకీ ఒక బ్యాగు ఉండాలి. ఒంటి బరువులో పదో వంతు మించకూడదు. పదిహేను కిలోల పిల్లాడికి నీళ్ళ సీసాతో కలిపి కిలోన్నర. మావాడి బ్యాగులో సీసా, ఒక జత బట్టలు, టోపీ, వాడికిష్టమైన ప్లాస్టిక్ లారీ ఉంటాయి. మెడలో విజిల్ ఉంటుంది. తప్పిపోతే ఉన్నచోటే కూర్చుని మూడుసార్లు ఊదాలని వాడికి నేర్పాం. ఓఆర్‌ఎస్ పొట్లాలు పెద్దవాళ్ళ దగ్గర ఉంటాయి, పొట్లం మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం కలిపి ఇవ్వడం తప్పు.

ఉద్దానంలో, అంటే పలాస, బారువ వైపు కొబ్బరితోటల ప్రాంతంలో, గడిపిన రాత్రుల గురించి చెప్పకుండా ఆపలేను. బారువ వైపు ఒక కొబ్బరితోటలో బస. తిత్లీకి పడిపోయిన చెట్ల స్థానంలో ఆ ఇంటాయన నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. మా పెద్దది పుట్టిన ఏడాదే తిత్లీ వచ్చింది. "ఈ చెట్టూ నువ్వూ ఒక ఈడు" అని ఆయన అంటే అది చెట్టుకి ఆనుకుని నిలబడి ఎత్తు చూసుకుంది. ఆ ఇంట్లో పెద్దాయన డయాలసిస్‌కి పలాస వెళ్ళొస్తుంటారు. "తాతకి ఆ కిడ్నీ జబ్బు ఎందుకొచ్చింది?" అని వాళ్ళ పాప అడిగింది. ఇదీ కారణమని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదనీ, ఈ ఊళ్ళల్లో ఎంతోమందికి ఉందనీ, 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి పెట్టారనీ మావారు చెప్పారు. పిల్లలకి ఇలాంటివి ఎందుకని కొందరు అంటారు. ఈ జిల్లాలో పుట్టిన పిల్లకి ఈ జిల్లా కష్టం తెలియకుండా పెంచడం నాకు ఇష్టం లేదు. అరుగు మీద ఆ తాత పక్కన కూర్చుని, ఆయన పెట్టిన పనసతొన తిన్న తర్వాత తెలిస్తే అది వార్తలా కాకుండా మనిషిలా తెలుస్తుంది.

తెల్లారుజామున ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లల్ని వదులుతున్నారంటే నడుచుకుంటూ వెళ్ళాం. ఒక గూట్లో వంద దాకా గుడ్లుంటాయి, నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అరచేతిలో సగం కూడా లేని నల్లటి పిల్లలు. తడి ఇసుక మీద రెక్కల్లాంటి కాళ్ళతో ఈదుతున్నట్టే పాకుతాయి. ఒకటి మా బాబు కాలిముద్రలో పడి ఎక్కలేక తిప్పలు పడింది. ముట్టుకోవద్దని కాపలాదారు చెప్పడంతో వాడు చేతులు వెనక్కి పెట్టుకుని, ఒంగి, ఊపిరి బిగబట్టి చూశాడు. అది ఎక్కింది, అల వచ్చి తీసుకుపోయింది. "వీటి అమ్మేదీ?" అన్నాడు. గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందని పాప చెప్పింది. వాడు నమ్మలేదు. మధ్యాహ్నం దాకా నలుగురు పిల్లలూ ఆ విషయం మీదే తగువు. రాత్రి పడుకునేముందు వాడు నా దగ్గరికి రాలేదు. అక్క పక్కన చేరి, "పెద్దమ్మా, అమ్మ లేకపోతే వాటికి దారి ఎవరు చెప్తారు?" అని అడిగాడు. అక్క ఏం చెప్పిందో నేను అడగలేదు. నన్ను అడగలేని ప్రశ్న అడగడానికి వాడికి ఇంకో మనిషి ఉంది. నేను ఇన్ని మాటలు రాసింది ఆ మనిషి కోసమే.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు రాత్రి బస పెట్టుకోకండి. శ్రీకాకుళం వైపువాళ్ళయితే శాలిహుండం. టెక్కలి దగ్గర్లో ఉంటే తేలినీలాపురం, శీతకాలంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లలతో సహా కనిపిస్తాయి. విజయనగరం వైపైతే రామతీర్థం దగ్గరి గురుభక్తుల కొండ, లేదా గోస్తనీ మీది తాటిపూడి జలాశయం వైపు తోటల దారి. పొద్దున్న బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి వచ్చేయండి. రెండిళ్ళూ కలిసి తినండి, పిల్లల్ని మార్చుకుని నడవండి, మీ పిల్లని వాళ్ళతో, వాళ్ళ పిల్లని మీతో. ఇంటికొచ్చాక వారంలోపు రెండిళ్ళల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి "మళ్ళీ ఎప్పుడు?" అని అడగాలి. పిల్లలు ఎలాగూ అడుగుతారు, పెద్దవాళ్ళు అడగాలి. అడిగితే అప్పుడు మంచి బ్యాగులు కొనండి. అప్పటిదాకా బడి బ్యాగులు చాలు.